లొకేషన్ ఎక్కడ? వంశధార ఒడ్డున!

సెలవులు దొరికాయి. నలుగురు స్నేహితులు, మూడు రోజులు, జేబుల్లో కాస్త డబ్బు. ఇక మొదలవుతుంది తగువు! ఒకడు అరకు అంటాడు. ఒకడు భీమిలి అంటాడు. మూడోవాడు ఊటీకి తక్కువైతే గడప దాటనంటాడు. నాలుగోవాడు మాత్రం పర్సులో నోట్లు లెక్కపెట్టుకుంటూ నోరు మెదపడు. పాపం, ఆ నాలుగోవాడి కోసమే ఈ నాలుగు మాటలూ.

మన సినిమావాళ్ళకి ఈ తగువు కొత్తేం కాదు. నిర్మాత గుండె గట్టిదైతే డ్యూయెట్ స్విట్జర్లాండ్‌లో, లేకపోతే అరకులో! అయితే 1978లో బాలచందర్ 'మరోచరిత్ర'కి విశాఖ, భీమునిపట్నం తీరాలే సరిపోయాయి. కమలహాసన్, సరిత తిరిగిన ఆ ఇసుకలో తమ అడుగులు కూడా వెయ్యాలని తర్వాత ఎన్ని జంటలు బస్సెక్కాయో లెక్కలేదు. లొకేషన్‌కి స్టార్ వాల్యూ రావడమంటే అదే.

ఇప్పుడా వాల్యూ ఇంకో ఊరికి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో విడుదలైన 'తండేల్' చూశారు కదా? పాకిస్తాన్ చేతికి చిక్కిన శ్రీకాకుళం జాలర్ల కథ. అందులో నాగచైతన్య, సాయిపల్లవి ఆడిన శివరాత్రి పాట గుర్తుందా? ఆ జాతర, ఆ గుడి శ్రీముఖలింగాన్ని తలపించేలా వేసిన సెట్టింగు. సెట్టింగే అంత బాగుంటే అసలు ఊరెలా ఉంటుందో చూడొద్దూ?

అక్కడికి వెళ్ళేముందు ఒక్కసారి ఇంగ్లండు వెళ్ళొద్దాం (ఖర్చు లేదు లెండి!). అక్కడ లేక్ డిస్ట్రిక్ట్ అని సరస్సులూ కొండలూ కలిసిన ప్రాంతం ఒకటుంది. వర్డ్స్‌వర్త్ మహాకవి అక్కడివాడే. కవిత్వంతో ఊరుకోకుండా యాత్రికుల కోసం ఆ ప్రాంతానికి గైడు పుస్తకం కూడా రాసిపెట్టాడు. 1951లో దాన్ని నేషనల్ పార్కు చేశారు. అక్కడికి సెలవులకి వెళ్ళేవాళ్ళలో చాలామంది ఒకే ఊళ్ళో బస పెట్టి, బూట్లు బిగించి, చుట్టుపక్కలంతా కాలినడకన తిరుగుతారు. మనమో? మూడు రోజుల్లో తొమ్మిది చోట్లు! చూసిందానికంటే బస్సులో నిద్రపోయిందే ఎక్కువ.

అరకుని తక్కువ చెయ్యడం లేదు. కిరండూల్ రైలు యాభైకి పైగా సొరంగాల్లో దూరి బయటపడుతుంటే కేకలు పెట్టని కుర్రాడుండడు. కానీ డిసెంబరు సెలవుల్లో అక్కడ కనిపించేవి పూలకంటే కార్లే. పోటీపడి గది సంపాదించేసరికి మన నాలుగోవాడి పర్సు ఖాళీ. అందుకే నా ఓటు వంశధార లోయకి.

ఒరిస్సా కొండల్లో పుట్టి, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాటి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే నది ఇది. దాని ఎడమ గట్టున శ్రీముఖలింగం. శ్రీకాకుళం నుంచి సుమారు 45 కిలోమీటర్లు. హైవే మీది నరసన్నపేట దాకా వెళ్ళి అక్కణ్ణించి లోపలికి తిరగాలి. దారంతా వరిచేలూ, తాటిచెట్లూ. ఊళ్ళోకి అడుగుపెడుతూనే పొలాల పక్కన సోమేశ్వరుడి గుడి. ముందు మండపం అంటూ ఏమీ లేదు, ఒక్క శిఖరం మాత్రం నిటారుగా ఆకాశంలోకి! మన కళ్ళకి అలవాటైన గోపురం కాదిది, భువనేశ్వర్ గుళ్ళ చుట్టం.

ఎందుకంటే ఇది మామూలు పల్లె కాదు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగదేవుడు రాజధానిని కటకానికి మార్చుకుపోయాడు. రాజులు పోయారు, మూడు గుళ్ళు మిగిలాయి. సోమేశ్వరం, భీమేశ్వరం, వీటన్నిటికీ పెద్దదైన మధుకేశ్వరం. మధుకం అంటే ఇప్పచెట్టు. ఆ చెట్టులోంచే స్వామి ముఖం చూపించాడని స్థలపురాణం. గర్భగుడిలో లింగం వెనక ఒక పెద్ద మట్టి గోలెం ఉంటుంది, దానికీ ఓ కుమ్మరి కథ ఉంది. నేను చెప్పను, అక్కడి అర్చకుణ్ణి అడగండి. ఈ ఊళ్ళో కోటికి ఒక్కటి తక్కువ లింగాలున్నాయంటారు కూడా. లెక్కపెట్టే ఓపిక మీకుంటే సరే! గుమ్మాల మీది చెక్కడాలు మాత్రం తీరిగ్గా చూడండి. లతలూ, నాట్యకత్తెలూ... మన ఆర్ట్ డైరెక్టర్లు నోట్సు రాసుకోవలసిన పని.

ఇక్కడో మాట. మనం ఈ పత్రికల్లో హాయిగా వాడుకభాషలో కబుర్లు చెప్పుకుంటున్నామంటే ఆ పుణ్యం గిడుగు రామమూర్తి పంతులుగారిది. ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట ఈ చుట్టుపక్కలదే. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ ముఖలింగం గోడల మీది శాసనాలు చదవడానికి తనంతట తానే పాతలిపులు నేర్చుకున్న మనిషి. నది దిగువన శాలిహుండం కొండమీది బౌద్ధస్తూపాల్ని 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. రెండో రోజు ఆ కొండెక్కండి. పైనుంచి వంశధార మలుపు కనిపిస్తుంది. కెమెరామన్ ఎవరైనా సరే అక్కడ ట్రైపాడ్ దించెయ్యాల్సిందే.

బస శ్రీకాకుళంలో పెట్టుకోండి, ముఖలింగంలో హోటళ్ళ వరస ఆశించకండి. వెళ్ళే నెల నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. వానాకాలంలో వంశధార పొంగితే ఎవరి మాటా వినదు. శివరాత్రికి వెళ్తే చక్రతీర్థ స్నానాలకి జనం ఇసక వేస్తే రాలనంతగా వస్తారు, ఒరిస్సా నుంచి కూడా. పాటలో చూసిన సందడి కావాలంటే అప్పుడు, ప్రశాంతత కావాలంటే మిగతా రోజుల్లో. ఊళ్ళో ఎవరైనా "ఏటి బాబూ, ఎక్కడ్నించి?" అని పలకరిస్తే కంగారుపడకండి. అది ఈ ప్రాంతపు మర్యాద. జవాబిస్తే సగం చరిత్ర వాళ్ళే చెప్పేస్తారు.

మూడో రోజు సాయంత్రానికి కళింగపట్నం చేరండి. ఒకప్పుడు ఓడలొచ్చిన రేవు, ఇప్పుడు లైట్‌హౌసూ, జాలర్ల పడవలూ. నది సముద్రంలో కలిసే చోట కూచోండి. ఊటీవాడు కూడా అప్పటికి నోరుమూసుకుంటాడు.