లోపల గాలి తప్ప ఏంలేని రింగు

ఆ బూతద్దం ఇటు తెండ్రి బిడ్డా. కిటికీ ఒక్కటే తెరిచిపెట్టి తలుపు దగ్గరికెయ్యిండ్రి. ఇగో, తెల్లకాగితాన్ని కిటికీకి ఎదురుంగ పట్టుకుంటున్న, నడుమ బూతద్దం. చూసిండ్రా? కాశిబుగ్గ రోడ్డంత కాగితం మీదికి వచ్చింది! ఆటో చక్రాలు పైకి, డ్రైవరు తల కిందికి. ఎదురింటి మేడ మీద ఆరేసిన చీర కూడ తలకిందులనే ఎగురుతున్నది. ఈ తమాషా ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఇప్పుడు కాగితాన్ని కొద్దిగ వెనుకకు జరుపుత. మసక. ముందుకు జరుపుత. మళ్ల మసకనే. నడుమ ఒక్కచోట మాత్రం సాఫ్‌గ ఉంటది. ప్రతి అద్దానికీ దాని దూరం దానికి ఉంటది, దూరాన ఉన్నవన్నీ అక్కడనే బొమ్మ కడతయి. నేను పేపర్ చదివే కండ్లద్దాల పవరు 2. మీటరును 2తోని భాగించు, అరమీటరు. అంటే ఆ అద్దాలకు కాగితాన్ని 50 సెంటీమీటర్ల దూరంల పట్టాలె. పవరు పెరిగిన కొద్దీ దూరం తగ్గుతది. కండ్ల డాక్టరు చీటీల రాసేది ఈ లెక్కనే.

కెమెరాల ఈ కాగితం జాగాల ఒకప్పుడు ఫిల్ము ఉండె, ఇప్పుడు సెన్సార్ ఉన్నది. లెన్సు కూసునే మూతి నుంచి ఫిల్ము దాక ఎంత దూరముండాల్నో ఒక్కో కంపెనీ ఒక్కో లెక్క పెట్టుకున్నది. నికాన్ వాళ్లు 1959ల ‘ఎఫ్’ కెమెరా తెచ్చినప్పుడు 46.5 మిల్లీమీటర్లు అనుకున్నరు. జర్మనీ ప్రాక్టికా, రష్యా జెనిట్, జపాన్ పెంటాక్స్ కెమెరాలకు చానా ఏండ్లు మరతోని తిప్పి బిగించే లెన్సులే ఉండె. ఆ మర వెడల్పు 42 మిల్లీమీటర్లు, దూరం 45.46. మూడు దేశాలోళ్లు ఒక్కటే మర వాడిన్రు, ఒకరి లెన్సు ఇంకొకరి కెమెరాకు పట్టింది. ఎంత మంచి పని చేసిన్రో!

అంత దూరమెందుకంటే, నడుమ మొఖం చూసుకునే అసోంటి ఒక అద్దం పట్టాలె గద. లెన్సు వెనుక ఏటవాలుగ నిలబడి, బొమ్మను పైకి పంపి మన కంటికి చూపించేది అదే. బటన్ ఒత్తంగనె అది ‘టపాక్’ మని లేస్తది, వెలుగు ఫిల్ము మీద పడతది, మళ్ల దిగుతది. 2008ల పానాసోనిక్ వాళ్లు ఆ అద్దం లేని కెమెరాను బజారుకు తెచ్చిన్రు. సెన్సార్ చూసేదే నేరుగ తెర మీద కనపడుతుంటే అద్దంతోని పనేమున్నది? 2010ల సోనీ వాళ్లు అదే దారి పట్టిన్రు, 2018ల నికాన్ వాళ్లు ‘జెడ్’ వరుస తెచ్చిన్రు. అద్దం పోయినంక మూతి సెన్సార్ దగ్గరికి జరిగింది. సోనీల 18 మిల్లీమీటర్లే, నికాన్ జెడ్‌ల 16.

పాత లెన్సును ఈ కొత్త కెమెరాకు పెట్టాలంటే ఇగ తీసివేత చెయ్యిండ్రి. పాత మర లెన్సుకు కావల్సింది 45.46, సోనీల ఉన్నది 18. ఎంత మిగిలింది? 27.46. ఆ మిగిలిన దూరాన్ని నింపే రింగే అడాప్టర్! ఇదో, దీంట్ల వేలు పెట్టి చూడు. అద్దం లేదు, వైరు లేదు, ఉత్త గాలి. మన ఎనుమాముల దిక్కు మోటరు పైపు ఒక సైజు, పొలం పైపు ఇంకో సైజు ఉంటే రైతులు నడుమ రెడ్యూసర్ పెడతరు, చూసిన్రు గద. దీనికి కూడ అట్లనే ఒక దిక్కు పాత మర, ఇంకో దిక్కు కొత్త కెమెరా మూతి. అయితే రెడ్యూసర్ పొడుగెంతున్నా నీళ్లు పారుతయి, దీనికి పొడుగే ప్రాణం.

ఎంత ప్రాణమో వినుండ్రి. రింగు 0.1 మిల్లీమీటర్, అంటే ఒక్క కాగితమంత, మందం ఎక్కువైందనుకో. 50 మిల్లీమీటర్ల లెన్సుల వెలుగు కంతను పూర్తిగ తెరిచి తీస్తే సుమారు 25 మీటర్ల అవతల ఉన్నదేదీ సాఫ్‌గ పడదు. ఖిల వరంగల్‌ల ఒక కీర్తితోరణం కింద నిలబడి ఎదురుంగ ఉన్న తోరణాన్ని తీస్తే మసకనే. సన్నమైతే అంత గోస లేదు, లెన్సును చివరిదాక తిప్పకముందే దూరపువి సాఫ్ అయితయి, అంతే. అందుకనే చేసేటోళ్లు చానామంది వెంట్రుకవాసి తక్కువకే కోస్తరు.

లెక్క తిరగబడ్డ కథ కూడ ఒకటున్నది. క్యానన్ పాత ఎఫ్‌డీ లెన్సులకు 42 మిల్లీమీటర్లు కావాలె. 1987ల వాళ్లే తెచ్చిన ఈఓఎస్ కెమెరాలల్ల 44 ఉండె. తీసివేస్తే రెండు తక్కువ! లేని జాగాను ఎవరు చేసిస్తరు? అడాప్టర్ల ఇంకో లెన్సు అద్దం పెడితే తప్ప దూరపువి పడకపోయె, ఆ అద్దంతోని బొమ్మ పదును తగ్గె. పైసపైస కూడబెట్టి కొనుక్కున్న లెన్సులు ఏండ్ల తరబడి బీరువాలల్ల పడి ఉన్నయి. అద్దం లేని కెమెరాలు వచ్చినంకనే వాటికి వెలుగొచ్చింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నా పానం సంబురపడతది.

కొత్త కెమెరాకు ఈ పాత లెన్సు ఉన్నట్టే తెల్వదు. మెనూల లెన్సు లేకున్నా షట్టర్ పడేటట్టు పెట్టుకోవాలె. ఫోకస్ నువ్వే తిప్పాలె. సాఫ్‌గ పడ్డ అంచుల మీద తెరల రంగు గీతలు కనపడేటట్టు ఒక సౌలత్ ఉన్నది, దాని పేరు ఫోకస్ పీకింగ్. కష్టమనకుండ్రి. ఆరో నిజాం కొలువుల ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ 1880లల్ల మన వేయిస్తంభాల గుడిని చేతి ఫోకస్‌తోనే తీసిండు. 2022ల కన్నుమూసిన మన వరంగల్ బిడ్డ భరత్ భూషణ్ ఫిల్ము రోజుల నుంచే తెలంగాణ పల్లెలను, ఆడబిడ్డలను, బతుకమ్మను తీసుకుంట వచ్చిండు. ఆయన ఫొటోలు దొరికితే తీరుబాటుగ చూడుండ్రి.

ఇది పట్టుకో, బరువుంటది, రెండు చేతులతోని. హీలియోస్ 44-2, జెనిట్ కెమెరాతోని వచ్చేది. జర్మనీ జైస్ వాళ్ల బయోటార్ నమూనా మీద రష్యావోళ్లు చేసిన్రు. 58 మిల్లీమీటర్లు. ముందల ఉన్న రింగు తిప్పు, లోపల ఎనిమిది రేకులు దగ్గరికి ముడుసుకుంటున్నయి, చూసినవా? పూర్తిగ తెరిచి, యాపచెట్టు ముందల మనిషిని నిలబెట్టి తీస్తే వెనుక ఆకుల నడుమ వెలుగు చుక్కలు గుండ్రంగ సుడి తిరిగినట్టు పడతయి. అంచులకు పోయిన కొద్దీ లెన్సు గొట్టం వెలుగును కొంత కోస్తది, గుండ్రటి చుక్కలు కోలగ అయితయి, అందుకే ఆ సుడి. చిన్న సెన్సార్ కెమెరాకు పెడితే అది నడుమ భాగాన్నే తీసుకుంటది, సుడి చానావరకు పోతది. ఇదే లెన్సు అప్పుడు 87 మిల్లీమీటర్ల దానంత దగ్గరగ చూపిస్తది.

ఇంట్ల పాత లెన్సు దొరికితే రింగు కొనకముందు వెనుక నుంచి టార్చి వేసి చూడుండ్రి. వానకాలం తేమకు అద్దం మీద బూజు దారాలు పడతయి, ముదిరితే పైపూతను కూడ తింటయి. లెన్సును మూత బిర్రుగ ఉన్న డబ్బాల పెట్టి, రంగు మారే సిలికా జెల్ గింజలు పొట్లం కట్టి వెయ్యిండ్రి. నీలంగ ఉన్నన్ని రోజులు తేమ పీలుస్తయి. గులాబి రంగుకు తిరిగినంక వంటకు వాడని పాత పెంకల మీ అమ్మనో నాయననో వేడి చెయ్యమనుండ్రి, మళ్ల నీలమైతయి.