కోళ్ల పెరట్లో కుక్కపిల్ల: అపోహలు – వాస్తవాలు

సింగరేణి క్వార్టర్ల వెనక కాస్త జాగా ఉంటే చాలు, నాలుగు నాటుకోళ్లు చేరతాయి. గోదావరిఖని, ఎయిటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీల్లోనే కాదు, కమాన్‌పూర్, మంథని వైపు పొలాల దగ్గరి కొట్టాల్లోనూ ఇదే తీరు. ముంగిస భయం, బావురుపిల్లి భయం, వీటికి తోడు దొంగల భయం. అందుకని ఓ కుక్కపిల్లను తెచ్చుకుంటారు. ఐదారు నెలలు గడిచేసరికి కాపలాకు తెచ్చిన కుక్కే కోళ్లకు గండమై కూర్చుంటుంది. 21 రోజులు పొదిగి తల్లికోడి దింపిన పిల్లలు ఒక్క పూటలో మాయమవుతాయి.

ఇక సలహాలకు కొదవుండదు. "నెత్తురు రుచి మరిగింది, ఇగ ఆగది" అని ఒకరంటే, "చచ్చిన కోడినే మెడకు కట్టు తమ్మీ, బుద్ధొస్తది" అని మరొకరు. వీటిలో చాలావరకు పనిచేయవు. కొన్నయితే బాగుపడే కుక్కను కూడా చెడగొడతాయి. ఏది అపోహో, ఏది వాస్తవమో చూద్దాం.

అపోహ 1: నెత్తురు రుచి మరిగిన కుక్క ఇక కోడిని వదలదు.

వాస్తవం: కుక్కను లాగేది కదలిక. కోడి రెక్కలు కొట్టుకుంటూ అరుస్తూ ఉరికితే, వెంటపడాలన్న కోరిక కుక్కలో దానంతటదే లేస్తుంది. కుక్కల ప్రవర్తనను ఏళ్ల తరబడి పరిశీలించిన అమెరికా శాస్త్రవేత్త రేమండ్ కాపింజర్ ఈ వేటకు ఒక వరస ఉందని వివరించారు: చూపు నిలపడం, పొంచడం, తరమడం, పట్టడం, చంపడం, చీల్చడం, తినడం. మనుషులు తమ అవసరాన్ని బట్టి ఎంచి పెంచడంతో ఒక్కో జాతిలో ఒక్కో మెట్టు బలపడింది, మరికొన్ని సన్నగిల్లాయి. కోడిని చంపిన కుక్క చాలాసార్లు దాన్ని తినకుండానే వదిలేసి పోవడానికి కారణం ఇదే. కోడి కదలడం ఆగింది, దాని పని అయిపోయింది.

చికెన్ సెంటర్ నుంచి తెచ్చిన కాళ్లు, తలకాయలు తిని పెరిగిన కుక్క బతికున్న కోడి వైపు చూడకపోవచ్చు. మాంసం ముట్టని పెరుగన్నం కుక్క రోజుకో కోడిని తరమవచ్చు. ఒకసారి చంపిన కుక్కను దారికి తేవడం కష్టమన్న మాట మాత్రం నిజం. దాన్ని మళ్లీ మళ్లీ లాగేది ఆ పరుగులో దొరికిన మజా.

అపోహ 2: కడుపు నిండా పెడితే కోళ్ల జోలికి పోదు.

వాస్తవం: ఆకలి వేరు, తరమాలన్న కోరిక వేరు. బువ్వ తిని మూతి నాకుతున్న కుక్క కూడా ఎదురుగా కోడి ఉరికితే లేచి పరుగెడుతుంది. తిండి సమయానికి పెట్టాల్సిందే. అయితే అది కోళ్లకు రక్షణ అనుకోకూడదు. రోజూ రెండుపూటలా నడిపించడం, కాసేపు ఆడించడం అంతకంటే ఎక్కువ ఉపయోగపడతాయి. పనిలేని కుర్రకుక్క తన పని తానే వెతుక్కుంటుంది.

అపోహ 3: పిల్లచేష్టలు కదా, పెద్దయితే అదే మానుతుంది.

వాస్తవం: మానదు, ముదురుతుంది. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా కుక్కకు కుర్రతనం. బలం, వేగం పెరుగుతాయి, చెప్పినమాట వినడం తగ్గుతుంది. మూడు నెలలప్పుడు నవ్వుతూ చూసిన పరుగు ఏడు నెలలకు కోడి ప్రాణం తీస్తుంది. తరిమిన ప్రతిసారీ అది ఇంకొంచెం నేర్చుకుంటోందని గుర్తుంచుకోవాలి.

అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ చాలా ఏళ్లు కుక్కపిల్లలపై పరిశోధన చేసి 1965లో పుస్తకంగా ప్రచురించారు. పిల్ల మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఏ జీవాలను దగ్గరగా చూస్తుందో, వాటిని తన లోకంలో భాగంగా తీసుకుంటుందని వారి పరిశీలన. ఊళ్లలో కోళ్ల మధ్యే పుట్టి, కోడిపెట్ట చేత ఒకటి రెండు ముక్కు పోట్లు తిన్న కుక్కలు పెద్దయ్యాక కోళ్ల పక్కనే పడుకోవడం వెనక కిటుకు ఇదే. ఆ వయసు దాటిన పిల్లను తెచ్చుకుంటే నేర్పలేమని కాదు, కాస్త ఎక్కువ ఓపిక కావాలి.

అపోహ 4: డ్యూటీ నుంచి వచ్చాక నాలుగు తగిలిస్తే దెబ్బకు మానుతుంది.

వాస్తవం: బొగ్గుబాయి ఇళ్లలో కుక్కలు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఫస్ట్ షిఫ్ట్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 3 దాకా, సెకండ్ షిఫ్ట్ 3 నుంచి రాత్రి 11 దాకా, నైట్ షిఫ్ట్ 11 నుంచి తెల్లారి 7 దాకా. కోడి పోయింది పొద్దున పదింటికి, యజమాని ఇల్లు చేరింది మూడున్నరకు. తాను చేసిన పనికీ పడిన దెబ్బకీ మధ్య ఒకటి రెండు సెకన్లకు మించి గడిస్తే కుక్క ఆ రెంటినీ ముడిపెట్టుకోలేదు. అయిదున్నర గంటల తర్వాత కొడితే దానికి అర్థమయ్యేది ఒక్కటే: సార్ ఇంటికొస్తే దెబ్బలు పడతాయి. ఆ రోజు నుంచి పిలిస్తే దగ్గరికి రాదు. పిలిస్తే రాని కుక్కకు కోళ్ల దగ్గర ఏ పాఠమూ నేర్పలేం.

"తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడండి ఎట్లా పెట్టిందో" అంటారు. ఈ మాటను అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో పరీక్షకు పెట్టారు. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ దీనమైన చూపుకు సంబంధం కనిపించలేదు. యజమాని మందలించినప్పుడే ఆ చూపు ఎక్కువగా వచ్చింది. ఏ తప్పూ చేయని కుక్కలు కూడా తిట్టు పడితే అదే మొహం పెట్టాయి. అది భయం.

అపోహ 5: చచ్చిన కోడిని మెడకు కట్టి తిప్పితే మళ్లీ ముట్టదు.

వాస్తవం: కోడి వాసన మీద విరక్తి పుడుతుందని ఈ పాతకాలపు చిట్కా వెనక ఆశ. కానీ కుక్కను లాగేది ఉరికే కోడి. మెడకు వేలాడేది కదలదు. కొన్ని దాన్ని కొరుక్కు తింటాయి, కొన్ని భయంతో ముడుచుకుపోతాయి, తాడు విప్పాక మళ్లీ మామూలే. ఎండాకాలంలో ఆ కళేబరం ఒక్క రోజులో పురుగు పడుతుంది.

రోగం ముప్పు కూడా చిన్నది కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి తెలిసిందే. 2004లో థాయ్‌లాండ్‌లో ఆ రోగం సోకిన బాతు కళేబరాలు తిన్న ఒక కుక్క హెచ్5ఎన్1 వైరస్‌తో చనిపోయింది. చచ్చిన కోడిని లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. కోళ్లు వరసగా చనిపోతుంటే పశువైద్యశాలకు కబురు చేయాలి. ఆన్‌లైన్‌లో దొరికే కరెంటు కాలర్ కూడా మెడకు కోడిని కట్టడం లాంటి చిట్కానే. షాక్ తగిలిన క్షణంలో పక్కన పిల్లాడు ఉంటే, ఆ నొప్పికి పిల్లాడే కారణమని కుక్క అనుకునే ప్రమాదముంది. వేల్స్ దేశం వీటిని 2010లోనే నిషేధించింది.

అపోహ 6: రోజంతా గొలుసుతో కట్టేస్తే సరిపోతుంది.

వాస్తవం: గొలుసు కోడిని ఆ పూటకు కాపాడుతుంది, కుక్కకు ఏమీ నేర్పదు. కోళ్లకు గొలుసు పొడవు రెండు రోజుల్లో తెలిసిపోతుంది. సరిగ్గా దాని అంచున మేస్తాయి. కుక్క పొద్దస్తమానం గుంజుకుంటుంది, మొరుగుతుంది, ఉడికిపోతుంది. ఏనాడైనా కొక్కెం ఊడిందా, ఆ కసి అంతా కోళ్ల మీదే. మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండం ఎండలో నీడ, నీళ్లు లేకుండా కట్టేస్తే వడదెబ్బకు కుక్కే పోతుంది. మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, కట్టేసిన కుక్కను తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం కూడా.

కుక్కను కట్టేయడానికి బదులు కోళ్లకు కంచె వేయండి. పెరట్లో ఒక మూల ఆరడుగుల ఎత్తు జాలీ, కింద తవ్వకుండా అరడుగు లోతున పాతిన అంచు, లోపల రాత్రి గూడు. పిల్లలకోడికి గంప ఎలాగూ ఉంటుంది, దాని మీద బరువు పెట్టాలి.

అపోహ 7: ఊరకుక్కకు బుద్ధి రాదు, జాతికుక్కయితే చెప్పినట్టు వింటుంది.

వాస్తవం: జాతి ధరను బట్టి కోళ్ల క్షేమం ఉండదు. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ వేటకుక్క ఉరికే జీవిని కంటితో చూసి తరమడానికే పుట్టింది. ఎంత ఖరీదు పెట్టి తెచ్చినా కోళ్ల మధ్య దానికి నిగ్రహం నేర్పడం కష్టం. ఊరకుక్కల పూర్వికులు తరతరాలుగా కోళ్లు తిరిగే వీధుల్లోనే బతికాయి.

కుక్క పక్షులకు కాపలా కాయగలదా అన్న అనుమానం ఉంటే ఆస్ట్రేలియాలోని వార్నంబూల్ పట్టణం సంగతి వినాలి. అక్కడి మిడిల్ ఐలాండ్‌లో నక్కలు నీళ్లు తగ్గినప్పుడు దాటి వచ్చి పెంగ్విన్లను చంపేవి. 2005 నాటికి పదిలోపే మిగిలాయి. ఆ ఊళ్లో స్వాంపీ మార్ష్ అనే కోళ్ల రైతు తన కోళ్లను మరెమ్మా జాతి కుక్కలతో కాపాడుకునేవాడు. వాటినే దీవికి పంపుదామన్న ఆలోచన ఆయనదే. 2006లో కుక్కలు కాపలాకు దిగాయి, పెంగ్విన్లు మళ్లీ పెరిగాయి. 2015లో ఈ కథ 'ఆడ్‌బాల్' పేరుతో సినిమాగా కూడా వచ్చింది. అలాగని మరెమ్మా కోసం వెతకనక్కర్లేదు. ఇటలీ కొండప్రాంతపు ఆ దట్టమైన బొచ్చు మన ఎండలకు పనికిరాదు.

అపోహ 8: ఆపరేషన్ చేయిస్తే కోళ్లను తరమడం ఆగుతుంది.

వాస్తవం: సంతాన నియంత్రణ ఆపరేషన్ వల్ల ఊరు తిరగడం, మగకుక్కల కొట్లాటలు తగ్గుతాయి. అందుకు చేయించడం మంచిదే. తరిమే కోరికకు దాంతో సంబంధం లేదు.

మరి నేర్పేదెలా?

ముందుగా కుక్క ఒంటిని చదవడం రావాలి. తల్లికోడి నల్లా కింద తడిమట్టి గీకుతోంది, పిల్లలు చుట్టూ పరుగెడుతున్నాయి అనుకుందాం. కుక్క నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, తోక వదులుగా ఊపుతూ చూస్తుంటే భయం లేదు. ఉన్నట్టుండి నోరు మూసుకుంది, చెవులు ముందుకొచ్చాయి, ఒంట్లో కదలిక ఆగింది, ముందరి కాలు ఒకటి గాల్లో నిలిచింది. ఇక ఉరకడానికి క్షణమే తేడా. ఆ క్షణానికి ముందే దాన్ని పిలవాలి. ఉరికాక అరిస్తే, మీరూ ఆటలో కలిశారనుకుంటుంది.

ఆరడుగుల తాడు కట్టి, కోళ్లు జాలీ లోపల ఉండగా ముప్పై అడుగుల దూరాన నిలబడండి. కుక్క కోడి వైపు చూడగానే పేరు పెట్టి పిలవండి. మీ వైపు తల తిప్పిన మరుక్షణం ఉడికించిన గుడ్డు ముక్కో, కార్జం ముక్కో నోట్లో పెట్టండి. తిప్పకపోతే కోపం వద్దు, దూరం చాలలేదని అర్థం, పదడుగులు వెనక్కి జరగండి. వరసగా నాలుగు రోజులు పిలవగానే తిరిగితే రెండడుగులు ముందుకు. మొదట కూర్చున్న కోళ్లు, తర్వాత నడిచే కోళ్లు, చివరగా గింజలు చల్లినప్పుడు రెక్కలు కొట్టుకుంటూ ఎగబడే కోళ్లు. ఒక్కో విడత ఐదు నిమిషాలు చాలు. ఎండ ముదరకముందే ముగించాలి. ఓపెన్‌కాస్ట్ దగ్గరుంటే బ్లాస్టింగ్ వేళ వద్దు, బెదిరిన కుక్క తలకు ఏదీ ఎక్కదు.

దీంతోపాటే "వదులు" అన్న మాటను గుడ్డ బంతితో నేర్పండి. బంతి వదిలితే ముక్క, మళ్లీ బంతి. ఏ రోజైనా కోడిని నోట కరిస్తే ఆ మాటే దాని ప్రాణం నిలుపుతుంది.

జాలీ బయట తాడు లేకుండా వదలడానికి నెలలు పట్టవచ్చు. ఒక్కటే ఉన్నప్పుడు బుద్ధిగా ఉన్న కుక్క, గల్లీ కుక్కలు రెండు కలిస్తే మందతో పాటు ఉరుకుతుంది. కాబట్టి ఎంత నేర్చిన కుక్కనైనా కోళ్లతో ఒంటరిగా వదిలి డ్యూటీకి పోకూడదు. ఉరికే అవకాశం ఇచ్చి తర్వాత దండించడం పైకప్పు కూలాక సపోర్ట్ పెట్టినట్టే. నేర్పడం మీరు ఇంట్లో ఉన్న పూట జరుగుతుంది. షిఫ్టుకు పోయే ముందు జాలీ గడియ వేయడం మాత్రం నాగా లేకుండా రోజూ జరగాలి. ఇంట్లో వదినకో, పిల్లలకో ఆ గడియ పని అప్పగించి వెళ్లండి.