పెరటి కోళ్ళకు తగిన గూడు

మన పల్లెలలో కోళ్ళు లేని పెరడు అరుదు. గ్రుడ్లమ్మగా వచ్చు డబ్బు సాధారణముగా ఇల్లాలి చేతిలోనే యుండును. పిల్లల పుస్తకములకును, పండుగ ఖర్చులకును అది అక్కరకు వచ్చును. ఆ ఆదాయమంతయు ఒక్క రాత్రిలో పోవుటయు మనకు క్రొత్త కాదు. గూటిలో దూరిన మానుపిల్లి తరచుగా ఒక్క కోడితో ఊరకొనదు. తినునది ఒకటియైనను అందిన వాటినెల్ల కొరికి చంపును. మేతకును, మందులకును వెచ్చించు గృహస్థులు సైతము గూటి విషయమున మాత్రము ఉపేక్ష చేయుచున్నారు.

మన పెద్దలు అరుగు క్రింద గూడు కట్టి, ద్వారమునకు బండరాయి అడ్డము పెట్టెడివారు. నక్క బారినుండి కాపాడుటకు దానిని మించినది లేదు. కాని అందులో గాలి చొరదు. మూలలకు చేయి అందదు గనుక శుభ్రపరచుట కుదరదు. కోడిరెట్టనుండి వెలువడు అమ్మోనియా రాత్రియంతయు అందే నిలిచి కన్నులకును, ఊపిరికిని హాని చేయును. తెల్లవారి తలుపు తీయగానే మన ముక్కు మండినచో, లోపల కోళ్ళు పడిన బాధ ఎంతటిదో ఊహింపవచ్చును. దీనికి విరుగుడుగా కొందరు నాలుగు ప్రక్కల పలుచని తీగవల చుట్టి గూడు కట్టుచున్నారు. గాలికి కొదువ లేదు; కాని ఆ వల కన్నులలో ముంగిస తల దూరును. తల దూరిన చోట ఒడలు దూర్చుట ముంగిసకు కష్టము కాదు. కావున గూడు కట్టినను, కొన్నను మొదట చూడవలసినది ఇదియే: గాలి వచ్చు దారిన శత్రువు రాకూడదు.

పది పెట్టలకు అయిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల గూడు చాలును. అనగా కోడికి రెండు చదరపు అడుగులు. అడుగున ఒకటిన్నర అడుగు ఎత్తువరకు ఇటుక గోడ గాని, చెక్క గాని ఉండి, ఆపైన అర అంగుళము కన్నుల గట్టి ఇనుపవల బిగింపవలెను. నేలపై కట్టు గూటికి చుట్టును ఒక అడుగు లోతున వలను పాతినచో పందికొక్కు త్రవ్వి రాజాలదు. తలుపునకు త్రాడు కట్టి విడువరాదు, గొళ్ళెము ఉండవలెను. బజారులో అమ్ము ఇనుప గూళ్ళు చూపునకు ముచ్చటగా నుండును. అమ్మువాడు చెప్పు కోళ్ళ సంఖ్యను నమ్మక, అడుగుల లెక్క మనమే వేసికొనుట మేలు.

మన దేశమున కోడికి చలికంటె ఎండయే పెద్ద శత్రువు. దానికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పియే ఒంటి వేడిని తగ్గించుకొనవలెను. అందుచే గూటి పొడవు తూర్పు పడమరలుగా నుండిన, ఉదయపు ఎండయు సాయంకాలపు ఎండయు పొడవు ప్రక్కలనుండి లోనికి పడవు. తాటాకు కప్పు చల్లదనమునకు శ్రేష్ఠము. రేకు వేయక తప్పనిచో దానిపై తాటాకు గాని, వరిగడ్డి గాని పరువవలెను. వానజల్లు కొట్టునప్పుడు గోనెపట్టాలు దించి, పై భాగమున జానెడు తెరచి యుంచవలెను.

కోస్తా పల్లపు భూములలో నేల చెమ్మగిలును గనుక గూటిని రెండడుగుల ఎత్తు గుంజలపై నిలుపుట మంచిది. గుంజలకు రేకు చుట్టినచో ఎలుకలు ప్రాకలేవు. రాయలసీమలోను, తెలంగాణమునను మెట్ట ప్రాంతములవారు నేలపైననే బండలు పరచి, రెండు మూడు అంగుళముల మందమున వరిపొట్టు గాని, వేరుశనగపొట్టు గాని పోసికొనవచ్చును. పొట్టు తడిసినచో వెంటనే మార్చవలెను.

కోళ్ళు ఎక్కి నిదురించుటకు రెండంగుళముల వెడల్పు గల రెండు కర్రలు, అంచులు నునుపు చేసి, ఒకే ఎత్తున అమర్చవలెను. హెచ్చుతగ్గులున్నచో పై కర్రకై పోట్లాట తప్పదు. గ్రుడ్లు పెట్టు గంపలు రెండు చాలును. అవి కర్రలకంటె క్రిందుగా నుండవలెను; లేనిచో కోళ్ళు గంపలలోనే పడుకొని గ్రుడ్లను మలినము చేయును.

కంటికి కానరాని దొంగ మరియొకటి కలదు. కోళ్ళను పట్టు పిడుదులు పగలు గోడ పగుళ్ళలో దాగి, రాత్రివేళ వెలువడి నెత్తురు పీల్చును. రోగములను కూడ వ్యాపింపజేయును. పగలు కోడిని పరీక్షించినను ఇవి చాలవరకు కనబడవు. అందువలన పగుళ్ళను మెత్తి, ఏటా రెండు మూడు మారులు సున్నము కొట్టవలెను. గూటిలో పాత కలప వాడుట నాకు సమ్మతము కాదు. దాని బీటలే వీటికి నెలవులు.

హైదరాబాదులోని కోళ్ళ పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజా కోళ్ళను పెంచువారికి గూడు మరింత ముఖ్యము. నాటుకోడి చెట్టెక్కి ప్రాణము దక్కించుకొనగలదు. బరువైన వనరాజాకు అది అంత సులభము కాదు.

ఎంత మంచి గూడైనను కొక్కెర తెగులును ఆపజాలదు. దానికి పశు వైద్యశాలలో టీకా వేయింపవలసినదే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారములలో బర్డ్ ఫ్లూ బయటపడినది. ఈ వ్యాధి అడవి పక్షులవలన కూడ వచ్చును గనుక మేతను, నీటిని కప్పు క్రిందనే ఉంచవలెను. సంతలో కొన్న కోళ్ళను మూడు వారములు వేరొక చోట ఉంచి, రోగచిహ్నములు లేవని తెలిసిన పిమ్మటనే గూటిలోనికి చేర్చవలెను.