అటక మీది జర్మను తుపాకి: ఇనుమా? నిధా? నేరమా?

చర్లపల్లి: ఉప్పల్, నాచారం, చర్లపల్లి ప్రాంతాల్లో పాత ఇళ్ళ స్థానంలో కొత్త కట్టడాలు లేస్తున్నాయి. అటక మీది సామాను దించేటప్పుడు బిందెలు, గంగాళాలతో పాటు తాతల నాటి తుపాకి కూడా బయటపడవచ్చు. తుప్పు పట్టిన ఇనుమే కదా అని తూకానికి వేసినా, లక్షలు వస్తాయని దాచినా నష్టపోయేది ఇంటివారే.

జర్మను తుపాకికీ, హైదరాబాదుకూ సంబంధం ఏమిటని అనుకోవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో నిజాం సంస్థానానికి చెందిన హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనాలో టర్కీ సైన్యంతో పోరాడారు. ఆ సైన్యానికి ప్రధాన ఆయుధం జర్మనీలోని ఓబర్న్‌డార్ఫ్‌లో తయారైన మౌజర్ రైఫిలే. తర్వాత 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు కరాచీ నుంచి సంస్థానానికి దొంగచాటుగా ఆయుధాలు చేరవేశాడు. కనుక ఈ ప్రాంతంలో ఏ దేశపు తుపాకి కనబడినా ఆశ్చర్యపోనక్కరలేదు. అయితే అది ఎక్కడిదో తేల్చేది ఇంటివారు చెప్పే కథ కాదు, దాని మీది ముద్రలే.

ముద్రలే ప్రాణం

విలువ కట్టేవారు మొదట నమూనా చూస్తారు. 1871 నమూనా మౌజర్ 11 మిల్లీమీటర్ల గొట్టం గలది. నల్ల తుపాకిమందు తూటాతో ఒక్కొక్కటిగా పేల్చేది. 1898 నమూనాలో 5 తూటాలు పడతాయి. గొట్టం 7.92 మిల్లీమీటర్లు, బరువు సుమారు 4 కిలోలు. 1935లో వచ్చిన పొట్టి రకం కోటికి పైగా తయారైంది. కాబట్టి పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు.

తర్వాత గొట్టం మొదట్లో ఉండే కర్మాగారం పేరు, తయారైన సంవత్సరం చూస్తారు. టర్కీ కోసం చేసిన వాటి మీద అంకెలు అరబ్బీ లిపిలో ఉంటాయి. ఉర్దూ చదివిన పెద్దలు వాటిని పోల్చుకోగలరు. అయితే ఆ సంవత్సరం మన లెక్క ప్రకారం ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం నెంబర్లు. గొట్టం, బోల్టు, చిన్న భాగాల మీద ఒకే వరుస నెంబరు గాని, దాని చివరి రెండు అంకెలు గాని ఉండాలి. అవి కలవకపోతే వేర్వేరు తుపాకుల ముక్కలు కూర్చినదని అర్థం, విలువ బాగా పడిపోతుంది. గరుకు కాగితంతో రుద్ది మెరిపించడం, మడమ చెక్కకు కొత్త వార్నిష్ పూయడం వంటివి చేస్తే ముద్రలతో పాటు ధర కూడా చెరిగిపోతుంది.

చట్టం ఏమంటుంది?

1959 నాటి ఆయుధాల చట్టం 45వ సెక్షను పురాతన ఆయుధాలకు మినహాయింపు ఇచ్చింది. కాని మరమ్మతు చేసినా సరే, తుపాకిగా పనికిరానిదై ఉండాలి. బాగుచేస్తే పేలే తుపాకి ఎంత పాతదైనా లైసెన్సు తప్పదు. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. వారసత్వంగా వచ్చినదానికి కూడా లైసెన్సు పొందాలి. ఒకరి వద్ద రెండు తుపాకులకు మించి ఉండరాదు.

నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువును 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. అందువల్ల విదేశీ వేలాల్లో పలికిన ధర విని ఇక్కడ ఆశపడటం వృథా.

ఏం చేయాలి?

తుపాకి కనబడితే గొట్టం మనుషుల వైపు తిప్పరాదు, మీట నొక్కరాదు. ఏనాటి తూటానో లోపలే ఉండవచ్చు. పేల్చి చూద్దామనుకుంటే గొట్టమే పగలవచ్చు. దాన్ని చేతబట్టుకుని వీధిలోకి వెళ్ళకుండా, ఉన్నచోటే ఉంచి పోలీసులకు తెలియజేయాలి. అప్పగించినప్పుడు నెంబర్లు రాసిన రసీదు అడిగి తీసుకోవాలి. పాత లైసెన్సు, తాతల నాటి సైనిక కాగితాలు ఉంటే పారేయరాదు. హక్కు రుజువు కావాలన్నా, చరిత్ర తెలియాలన్నా అవే ఆధారం.

పాత ఆయుధాలు ఎలా ఉంటాయో చూడదలచినవారు సాలార్‌జంగ్ మ్యూజియంలో గాని, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో గాని చూడవచ్చు.