మైదానం నుంచి తరగతి గదికి

అమెరికాలోని శాన్ హోసే స్టేట్ కళాశాలలో హ్యారీ ఎడ్వర్డ్స్ బాస్కెట్‌బాల్ ఆడారు, డిస్కస్ విసిరారు. తర్వాత అక్కడే పాఠాలు చెప్పారు. కళాశాలకు పతకాలు తెచ్చే నల్లజాతి విద్యార్థులకే ఆ చుట్టుపక్కల అద్దె ఇల్లు దొరికేది కాదు.

ఈ వివక్షపై 1967లో ఆయన నిరసనకు పిలుపునిస్తే ఆ సీజన్‌లో కళాశాల ఆడాల్సిన తొలి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచే రద్దయింది. ఆట ఆగితే పెద్దలు కదులుతారని ఆయన గ్రహించారు. మరుసటి ఏడాది మెక్సికో ఒలింపిక్స్‌లో నల్లజాతి అమెరికన్ పరుగు వీరులు టామీ స్మిత్, జాన్ కార్లోస్ పతక వేదికపై నిరసనగా ఎత్తిన పిడికిళ్ల వెనుక ఆయన నడిపిన ఉద్యమం ఉంది.

ఆ తర్వాత ఆయన బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మూడు దశాబ్దాల పాటు క్రీడా సామాజిక శాస్త్రం బోధించారు. ఆడేది నల్లవారైతే జట్టును నడిపేది ఎవరు? అసలు ప్రశ్న అదే.

శాన్‌ఫ్రాన్సిస్కో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోచ్ బిల్ వాల్ష్‌తో కలిసి 1987లో నల్లజాతి కోచ్‌లకు శిక్షణ అవకాశం కల్పించారు. అందులో నేర్చుకున్న మార్విన్ లూయిస్ సిన్సినాటి జట్టుకు 16 సీజన్లు హెడ్ కోచ్‌గా పనిచేశారు.