మన పిల్లలకు ధైర్యము నేర్పుట ఎట్లు?

మన ఇండ్లలో పదేండ్ల పిల్ల బడి నుండి వచ్చి, రాట్నము ముందు కూర్చుండి తల్లికి సాయముగా నాలుగు కండెలు చుట్టును. పోగు తెగినచో ఎవరినీ పిలువదు. కొస వెదకి తానే అతుకును. ఆ పిల్లయే బడిలో ఉపాధ్యాయుడు ప్రశ్న అడిగినప్పుడు తల వంచుకొని నిలుచును. జవాబు తెలియక కాదు, తప్పు చెప్పినచో నలుగురు నవ్వుదురేమో యను భయము.

కోలారు ప్రాంతమున ఈ భయమునకు మరి రెండు కారణములు తోడగుచున్నవి. మొదటిది భాష. ముళబాగిలు, శ్రీనివాసపురము వైపు ఎన్నో ఇండ్లలో మాటలాడునది తెలుగు. బడిలో చదువునది కన్నడమో ఇంగ్లీషో. మాట తడబడిన పిల్లవానిని తెలివిలేనివాడని పెద్దలు తలచుదురు. కొంతకాలమునకు వాడును అట్లే తలచును.

రెండవది తండ్రి వృత్తి కుంటుపడుట. కోలారు బంగారు గనులనే చూడుడు. 1902లోనే శివసముద్రము నుండి విద్యుచ్ఛక్తి అందుకొన్న ఊరు అది. 2001 ఫిబ్రవరి 28వ తేదీన ఆ గనులు మూతపడెను. నేడు పనికొరకును, చదువుకొరకును రైలెక్కి ప్రతిదినము బెంగుళూరు పోయి వచ్చువారు అచ్చట ఎందరో కలరు. పని పోయిన ఇంట “మనవల్ల ఏమగును?” అను మాట పిల్లల చెవిని పడుచుండును. మగ్గము ఆగిన ఇంటను ఇదే మాట. కూలి మరల దొరకవచ్చును గాని, ఈ మాట మనస్సున నాటుకొన్నచో పెరికివేయుట కష్టము.

డాక్టర్ హెచ్. నరసింహయ్య గారి చరిత్ర ఇట్టి ఇండ్లకు మిక్కిలి ఉపయోగకరము. ఆయన 1920లో గౌరిబిదనూరు సమీపమున హోసూరు గ్రామమున పేద కుటుంబమున జన్మించిరి. ఆనాడు అది కోలారు జిల్లాలోనిది; 2007లో చిక్కబళ్ళాపురము జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. పై చదువునకై 1935లో ఆయన బెంగుళూరికి కాలినడకన పోయిరి. 1942 ఉద్యమమున చదువు విడిచి జైలుకు పోయి, వచ్చిన పిమ్మట మరల చదివి, భౌతికశాస్త్ర అధ్యాపకులైరి. 1960లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిరి. 1972 నుండి 1977 వరకు బెంగుళూరు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. గౌరిబిదనూరు, బాగేపల్లి వంటి చిన్న ఊళ్ళలో కళాశాలలు ఏర్పడుటకు పాటుపడిరి. 2005లో కన్నుమూసిరి.

ఆయన విద్యార్థులకు ఇచ్చినది పొగడ్త కాదు, ప్రశ్నించు ధైర్యము. 1962లో ఆయన స్థాపించిన బెంగుళూరు సైన్స్ ఫోరమ్ నందు శాస్త్రజ్ఞుల ఉపన్యాసములు విని, సామాన్యులును ప్రశ్నలు అడుగగలిగిరి. ఎంతటివారు చెప్పినను విచారింపక ఒప్పుకొనవలదని ఆయన జీవితాంతము బోధించిరి. ప్రశ్న అడుగుట అవివేకము కాదని తెలిసిన పిల్లవానికి సగము భయము అప్పుడే తీరును.

ఇక మనము చేయవలసిన దేమి? కుర్రవానికి నేత నేర్పునప్పుడు మొదటిదినమే జరీ అంచు వేయుమందుమా? ముందు కండె, పిమ్మట సాదా బట్ట, ఆ పిమ్మటనే అంచు, బుటా. తాను నేసిన గుడ్డ మగ్గము నుండి దిగిన నాడు ఎవరు పొగడకున్నను వానికి నమ్మకము కలుగును. చదువును అట్లే. రోజున కొక్క లెక్క తానే పూర్తిగా చేయనిండు. తప్పినచో బలపము లాగుకొనక, ఎచ్చట తప్పినదో వానినే వెదకనిండు. పోగు తెగినదని పడుగంతయు పారవేయుదుమా?

పనిలేని పొగడ్త ఎక్కువ గంజి పెట్టిన బట్ట వంటిది. ఒక్క ఉతుకుతో దాని బిగువు పోవును. ఇతర పిల్లలతో పోల్చి తిట్టుట అంతకంటె కీడు.

చదువురాని తల్లిదండ్రులును ఒక పని చేయవచ్చును. రాత్రి భోజనముల వేళ “నేడు బడిలో ఏమి చెప్పిరి?” అని కాక, “నేడు నీవేమి అడిగితివి?” అని పిల్లలను అడుగుడు. జవాబు తెలుగులో చెప్పినను సంతోషముతో వినుడు. ఇంట నోరు విప్పిన పిల్ల బడిలోను విప్పును. సంఘములున్న ఊళ్ళలో వారమున కొక సాయంకాలము పెద్ద తరగతుల పిల్లలచేత చిన్నవారికి పాఠము చెప్పించినచో, చెప్పువారికిని వినువారికిని మేలు కలుగును. దీనికి పెట్టుబడి అక్కరలేదు. ఒక దీపము, ఒక చాప చాలును.