జోసఫ్ తంబి: గౌరవమా, ఆరాధనా?

గన్నవరం సమీపాన పెద్దావుటపల్లిలో జోసఫ్ తంబి సమాధి ఉంది. ఏటా జనవరిలో అక్కడ ఉత్సవాలు జరుగుతాయి. ఆయన గురువు కాదు. 13వ శతాబ్దంలో అస్సీసి ఫ్రాన్సిస్ సామాన్య విశ్వాసుల కొరకు ఆరంభించిన మూడవ సభకు చెందినవారు. 1945 జనవరి 15న మరణించారు. కతోలిక సంఘం ఆయనను ‘దైవసేవకుడు’ అంటుంది. ఇది పునీత పట్టానికి తొలిమెట్టు మాత్రమే.

కతోలిక బోధ ప్రకారం ఆరాధన దేవునికే చెందుతుంది. పునీతులకు గౌరవం, వారిని కోరేది విజ్ఞాపన. క్రీస్తొక్కడే మధ్యవర్తి (1 తిమోతి 2:5) కనుక మృతులను వేడుకొనరాదని మనం బోధిస్తాం. అయితే దేవుని వాక్యం బోధించిన నాయకుల విశ్వాసాన్ని అనుసరించుమని హెబ్రీ 13:7 చెబుతుంది.

భావనపాడు తీరంలో వేటకు వెళ్లిన పడవ రాకపోతే, ఆ ఇంటివారు మొక్కుకొనే చోటు వెదకుతారు. వారిని గద్దించక మునుపు, వారి గడపలో కూర్చుండి మనం ప్రార్థించవలెను.